స్ప్లీన్ తీసెయ్యాలన్నారా? ఆపరేషన్‌కి ముందు తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

పిల్లల సర్జరీ ఓపీకి తరచూ ఇదే మాటతో వస్తుంటారు: "రక్తం డాక్టరుగారు పంపించారండీ, స్ప్లీన్ తీసెయ్యాలంట." చేతిలో రిపోర్టులు కుక్కిన పాలిథిన్ కవరు, మొహంలో నిద్రలేని రాత్రులు. కూర్చోగానే అడిగేది "ఎన్ని కుట్లు పడతాయండీ?" అని. కుట్ల సంగతి నెల తిరక్కుండానే మర్చిపోతారు. స్ప్లీన్, అంటే ప్లీహం, లేదన్న సంగతి మాత్రం బిడ్డ పెద్దయ్యాక కూడా మర్చిపోకూడదు. అందుకే ఇక్కడ ఆపరేషన్ గురించి ఎంత ఉందో, ఆ తర్వాతి జ్వరాల గురించి కూడా అంతే ఉంది.

అసలు స్ప్లీన్ అంటే ఏమిటి? మా అమ్మ "కడుపులో బల్ల" అంటోంది.

మీ అమ్మగారు తప్పేం చెప్పలేదు. పెరిగిన ప్లీహాన్ని మన ఊళ్లలో బల్ల అనే అనేవారు. ఎడమ డొక్కలో 9 నుంచి 11వ పక్కటెముకల చాటున, జీర్ణాశయానికి వెనకగా ఉంటుంది. పెద్దవాళ్లలో పిడికిలంత, సుమారు 150 గ్రాములు. మామూలుగా చేతికి తగలదు. పక్కటెముకల కింద గట్టిగా తగులుతోందంటే పెరిగిందని అర్థం.

దీన్ని జల్లెడ అనుకోండి. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ముసలిదై, బిరుసెక్కి, ప్లీహంలోని సన్నటి సందుల్లో దూరలేకపోయినప్పుడు అక్కడే ఆగిపోతుంది, ప్లీహం దాన్ని మింగేస్తుంది. రక్తంలోకి చేరిన సూక్ష్మజీవుల్ని పట్టుకోవడం దీని రెండో పని. ఆపరేషన్ మొదటి పనిని ఆపడానికి చేస్తాం. రెండోది కూడా దాంతోపాటే పోతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

జబ్బు రక్తంలో ఉంటే పొట్టలో ఉన్న దాన్ని తీయడమేంటి?

హెరిడిటరీ స్ఫిరోసైటోసిస్ అనే జబ్బుతో మొదలుపెడితే తేలిగ్గా అర్థమవుతుంది. మామూలు ఎర్రకణం మధ్యలో వేలితో నొక్కిన గారెలా ఉంటుంది. వంగుతుంది, సాగుతుంది, ఎంత సన్నటి సందులోంచైనా జారుకుంటుంది. ఈ జబ్బులో కణం పైపొరను పట్టి ఉంచే యాంకిరిన్, స్పెక్ట్రిన్ లాంటి ప్రోటీన్లలో పుట్టుకతోనే లోపం ఉంటుంది. దాంతో గారె కాస్తా పునుగులా గుండ్రంగా అయిపోతుంది. పునుగు సందులో దూరదు. ప్లీహం దాన్ని పట్టుకుని పగలగొడుతుంది. అలా రోజూ లెక్కకు మించి కణాలు పగిలితే రక్తం తగ్గుతుంది, కళ్లు పచ్చబడతాయి, పిత్తాశయంలో రాళ్లు చేరతాయి, పని ఎక్కువై ప్లీహం కూడా పెరుగుతుంది.

1887లో లండన్ సర్జన్ స్పెన్సర్ వెల్స్ ఒకామె కడుపులో గర్భాశయపు గడ్డ ఉందనుకుని కోశారు. తీరా చూస్తే అది పెరిగిన ప్లీహం. తీసేశారు. ఆమెకు ఎప్పట్నుంచో వస్తూ పోతూ ఉన్న కామెర్లు ఆ తర్వాత రాలేదు. దాదాపు 40 ఏళ్లకు ఆమె రక్తం పరీక్షిస్తే ఎర్రకణాలు ఇంకా పెళుసుగానే ఉన్నాయట. అంటే జబ్బు జబ్బుగానే ఉంది, కణాల్ని పగలగొట్టే చోటు మాత్రం లేదు.

అయితే ఎర్రకణాలు పగిలే జబ్బులన్నిటికీ ఇదే మందా?

కాదు. ఓపీలో పక్కపక్కన కూర్చున్న తల్లులు "మా వాడికి తీశారు, తగ్గిపోయింది, మీరూ తీయించెయ్యండి" అని సలహాలు ఇచ్చుకుంటుంటారు. జబ్బు పేరు అడక్కుండా ఎవరి సలహా వినకండి.

స్ఫిరోసైటోసిస్‌లో ఫలితం బాగుంటుంది. హిమోగ్లోబిన్ పెరుగుతుంది, కామెర్లు తగ్గుతాయి, చాలామందికి రక్తం ఎక్కించాల్సిన పని ఉండదు. అలాగని జబ్బు ఉన్న ప్రతి బిడ్డకీ చేయం. హిమోగ్లోబిన్ 11, 12 ఉండి ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లాడికి ఫోలిక్ యాసిడ్, ఏడాదికోసారి చెకప్ చాలు. తరచూ రక్తం ఎక్కించాల్సి వస్తున్నా, ఎదుగుదల ఆగినా, నీరసంతో బడి మానేస్తున్నా అప్పుడు ఆపరేషన్ మాట.

పైరువేట్ కైనేజ్ అనే ఎంజైమ్ లోపంలో కొంతవరకే ఉపయోగం. హిమోగ్లోబిన్ ఒకటి నుంచి మూడు గ్రాముల దాకా పెరగొచ్చు. నెలనెలా రక్తం ఎక్కించుకునే బిడ్డకి అదీ చిన్న విషయం కాదు.

జి6పీడీ అనే ఇంకో ఎంజైమ్ లోపంలో దాదాపుగా అవసరం పడదు. ఆ పిల్లలకి వాడకూడని మందుల జాబితా ఇస్తే చాలు.

హెరిడిటరీ స్టొమాటోసైటోసిస్‌లో అసలు తీయకూడదు. తీస్తే రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం బాగా ఎక్కువ. పైకి ఇది స్ఫిరోసైటోసిస్‌లాగే కనిపిస్తుంది. అందుకే సర్జన్ దగ్గరికి రాకముందే ఈఎంఏ బైండింగ్ లాంటి పరీక్షలతో జబ్బు ఖాయం కావాలి. "రక్తహీనత, స్ప్లీన్ పెద్దది" అని ఒక్క ముక్క రాసి పంపిస్తే నేను కేసు వెనక్కి పంపుతాను. తల్లిదండ్రులకి విసుగ్గానే ఉంటుంది, ఏం చేయను!

తలసీమియా, సికిల్ సెల్ సంగతి వేరు. వాటికి విడిగా చెప్పాలి.

పాపకి తలసీమియా మేజర్. స్ప్లీన్ తీస్తే రక్తం ఎక్కించడం ఆగిపోతుందా?

ఆగదు. ఈ ఒక్క జవాబు విని వెళ్లిపోయిన వాళ్లున్నారు. ముందే తెలియడం మంచిది.

తలసీమియాలో ఎముక మజ్జలోనే మంచి ఎర్రకణాలు తయారుకావు. ప్లీహం తీసినంత మాత్రాన అవి పుట్టుకురావు. మరి ఎందుకు తీస్తామంటే, కొందరిలో ప్లీహం బాగా పెరిగి, ఎక్కించిన దాత రక్తాన్ని కూడా మింగేస్తుంది. మూడు నాలుగు వారాలకోసారి ఎక్కించేది పది పన్నెండు రోజులకే దిగిపోతుంటుంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా పడిపోతాయి. ఏడాదికి కిలో బరువుకి 200 నుంచి 220 మి.లీ. దాటి ప్యాక్డ్ సెల్స్ (రక్తంలోంచి వేరుచేసిన ఎర్రకణాలు) అవసరమవుతుంటే ప్లీహం వైపు చూస్తాం. 20 కిలోల బిడ్డకి అంటే ఏడాదికి నాలుగు లీటర్ల పైమాటే. మీ దగ్గరున్న ట్రాన్స్‌ఫ్యూజన్ పుస్తకంలో సంచుల లెక్క కూడితే మీకే తెలుస్తుంది. దయచేసి ఆ పుస్తకం పారేయకండి.

అవసరం ఎందుకు పెరిగిందో కూడా చూడాలి. ఇన్నాళ్లూ హిమోగ్లోబిన్ 6కో 7కో పడిపోయాక ఎక్కిస్తూ వచ్చినందువల్లే ప్లీహం ఉబ్బి ఉంటే, ముందు సరిగ్గా ఎక్కించడం మొదలుపెట్టాలి. ప్రతి ట్రాన్స్‌ఫ్యూజన్‌కి ముందు హిమోగ్లోబిన్ 9.5 నుంచి 10.5 మధ్య ఉండేలా చూసుకుంటే చాలామంది పిల్లల్లో ప్లీహం అంతగా పెరగదు. తలసీమియాలో ఈ ఆపరేషన్లు ఒకప్పటికంటే బాగా తగ్గడానికి ఇది పెద్ద కారణం. నాకు పని తగ్గిందని బాధేం లేదు.

ఆపరేషన్ తర్వాత కూడా ఐరన్ దించే మందులు, అంటే డెఫెరాసిరాక్స్, డెఫెరిప్రోన్ లాంటివి ఆపకూడదు. రక్తం తక్కువ ఎక్కుతుంది కాబట్టి కొత్తగా చేరే ఐరన్ తగ్గుతుంది, అంతే. గుండెలో, కాలేయంలో ఇప్పటికే చేరింది తనంతట తాను పోదు.

తోడబుట్టినవాళ్ల మజ్జ సరిపోతుందేమో పరీక్ష చేయించారా? ప్రతి అన్నకో చెల్లికో సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. ట్రాన్స్‌ప్లాంట్‌కి దారి ఉంటే ఆ మాట ముందు తేల్చుకుని, తర్వాతే ప్లీహం సంగతి.

సికిల్ సెల్ పిల్లల్లో స్ప్లీన్ తనంతట తానే ఎండిపోతుందంటారు కదా?

చాలామందిలో అంతే. కొడవలిలా వంగిన కణాలు ప్లీహంలోని సన్నటి నాళాల్ని మళ్లీ మళ్లీ మూసేసి, ఐదారేళ్లు వచ్చేసరికి అది చిన్న మచ్చలా ముడుచుకుపోతుంది. కానీ మన దేశంలో కనిపించే సికిల్ రకంలో పసితనపు హిమోగ్లోబిన్ ఎక్కువ ఉండటం వల్ల ప్లీహం పెద్ద వయసు దాకా నిలిచి ఉండొచ్చు, పెరిగి కూడా ఉండొచ్చు. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు వైపు ఏజెన్సీ ప్రాంతాల బిడ్డల తల్లిదండ్రులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

భయపడాల్సింది ఒక్కసారిగా ప్లీహంలో రక్తం చిక్కుకుపోవడం గురించి. పొద్దున ఆడుకున్న బిడ్డ సాయంత్రానికి తెల్లగా పాలిపోతాడు. గుండె దడదడా కొట్టుకుంటుంది. ఎడమ డొక్క ఉబ్బుతుంది. ఒంట్లో ఉండాల్సిన రక్తం ప్లీహంలో నిల్వ ఉండిపోయింది కాబట్టి గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. జమైకాలో ఒకప్పుడు తల్లులకు బిడ్డ పొట్ట తడిమి ప్లీహం ఎంతుందో చూసుకోవడం నేర్పారు. దాంతో ఈ దాడిని ముందుగా పసిగట్టి, చావులు బాగా తగ్గించగలిగారు. ఇందులో ఖర్చూ లేదు, మెషినూ లేదు. మీ డాక్టరు చేత చేయి పట్టించుకుని నేర్చుకోండి. మామూలు రోజున ఎంత తగులుతుందో తెలిస్తేనే పెరిగిన రోజు తేడా తెలుస్తుంది.

ఇలాంటి దాడి ఒకసారి తీవ్రంగా వచ్చినా, రెండోసారి తిరగబెట్టినా ప్లీహం తీయడం గురించి మాట్లాడతాం. వట్టి ఒళ్లు నొప్పుల దాడుల కోసం తీయం. వాటికి హైడ్రాక్సీయూరియా అనే మందు ఉంది.

ఎన్నేళ్లకి చేయించాలి?

వీలైతే ఐదారేళ్లు నిండాకే. 1952లో అమెరికాలో కింగ్, షుమాకర్ అనే ఇద్దరు వైద్యులు ఒక విషయం బయటపెట్టారు. ప్లీహం తీసిన పసిబిడ్డల్లో కొందరికి తర్వాత ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు వచ్చాయి. అంతదాకా ప్లీహం లేకపోయినా ఏం కాదనే అనుకునేవారు. వయసు ఎంత చిన్నదైతే ప్రమాదం అంత ఎక్కువ. సికిల్ సెల్‌లో ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఇంకా ముందే చేయాల్సి రావొచ్చు.

కీహోల్‌లో ఎలా తీస్తారు? అంత పెద్దది చిన్న రంధ్రంలోంచి ఎలా వస్తుంది?

ఇది మాత్రం తండ్రులే ఎక్కువ అడుగుతారు. కొంతమంది యూట్యూబ్ చూసి వచ్చి మరీ.

1991లో పారిస్‌లో దెలెత్ర్ అనే సర్జన్ ల్యాప్రోస్కోపీతో, అంటే కీహోల్ పద్ధతిలో, ప్లీహం తీశారు. ఆ పద్ధతే మెరుగుపడుతూ వచ్చింది. పూర్తి మత్తు ఇచ్చాక బిడ్డని ఎడమ పక్క పైకి వచ్చేలా ఒత్తిగిలించి పడుకోబెడతాం. అలా తిప్పితే పేగులు, జీర్ణాశయం తమ బరువుకే పక్కకి జారి ప్లీహం కంటికి ఎదురుగా నిలుస్తుంది. పొట్ట మీద 5 నుంచి 12 మి.మీ. ఉండే మూడు నాలుగు రంధ్రాలు పెట్టి, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పొట్టని కొంచెం ఉబ్బిస్తాం. ఒక రంధ్రంలోంచి కెమెరా, మిగతా వాటిలోంచి పొడవాటి పనిముట్లు.

మొదట పెద్దపేగుకీ ప్లీహానికీ మధ్య ఉన్న పొర విడదీస్తాం. తర్వాత జీర్ణాశయం నుంచి వచ్చే పొట్టి రక్తనాళాలు. చివరికి ప్లీహం గుమ్మం దగ్గర ధమని, సిర. కష్టమంతా ఆ గుమ్మం దగ్గరే. పాంక్రియాస్ తోక సరిగ్గా అక్కడి దాకా వచ్చి ఆనుకుని ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే జీర్ణరసం కారి ఆసుపత్రిలో రోజులు పెరుగుతాయి. నాళాల్ని స్టేప్లర్‌తో గానీ, వేడితో మూసి కోసే పరికరంతో గానీ మూసేస్తాం.

విడిపించిన ప్లీహాన్ని లోపలే ఒక గట్టి సంచిలోకి తోసి, సంచి మూతిని రంధ్రంలోంచి బయటికి లాగి, సంచిలోనే ముక్కలు చేసి తీస్తాం. సంచి చిరిగి ముక్క లోపల పడితే అది అక్కడే అతుక్కుని పెరగగలదు. అప్పుడు జబ్బు తిరగబెట్టినా ఆశ్చర్యం లేదు. ఇందుకే ఇంకో పని కూడా చేస్తాం: పదిమందిలో ఒకరికి పుట్టుకతోనే బఠానీ గింజంత పిల్ల ప్లీహాలు ఉంటాయి. వాటినీ వెతికి తీయాలి.

పిత్తాశయంలో రాళ్లుంటే అదే మత్తులో పిత్తాశయం కూడా తీసేస్తాం. అందుకే ముందు అల్ట్రాసౌండ్ తప్పనిసరి. రాళ్లు లేకపోతే దాని జోలికి వెళ్లం. మొత్తానికి రెండు మూడు గంటలు పడుతుంది. లోపలికి తీసుకెళ్లి, నిద్రపుచ్చి, మళ్లీ లేపే సమయం దీనికి అదనం. బయట కూర్చున్న వాళ్లకి అదంతా ఆపరేషన్‌లాగే అనిపిస్తుంది, కంగారుపడకండి.

కీహోల్ అని చెప్పి మధ్యలో కడుపు కోశారని మా బంధువులు గొడవ చేశారు. అలా ఎందుకు చేస్తారు?

రక్తం ఆగకపోతే, లోపల సరిగ్గా కనిపించకపోతే, ప్లీహం మరీ పెద్దదై పనిముట్లు తిప్పడానికి చోటు లేకపోతే ఓపెన్‌లోకి మారతాం. అది సర్జన్ ఓటమి కాదు, బిడ్డ క్షేమం కోసం తీసుకునే నిర్ణయం. బొడ్డు దాటి కిందికి దిగిన ప్లీహాలకి కొన్నిసార్లు మొదటే ఓపెన్ మంచిది. అయితే ఈ మాట మీతో ముందే అనాలి. ముందే చెప్పకపోతే మీ బంధువుల కోపంలో న్యాయం ఉంది.

రోబోతో చేయిస్తే ఇంకా మంచిదా?

ఖర్చు ఎక్కువ. మామూలు ప్లీహానికి అనుభవమున్న చేతుల్లో ల్యాప్రోస్కోపీ చాలు. ఇలాంటివి ఎన్ని చేశారని సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి.

మొత్తం కాకుండా కొంచెం ఉంచెయ్యొచ్చు కదా?

స్ఫిరోసైటోసిస్ పిల్లల్లో, ముఖ్యంగా చిన్న వయసులో చేయాల్సి వస్తే, ఆ పద్ధతి ఉంది. సుమారు నాలుగో వంతో అంతకన్నా తక్కువో రక్తప్రసరణతో సహా ఉంచుతాం. సూక్ష్మజీవుల్ని పట్టే శక్తి కొంత మిగులుతుంది. కానీ మిగిల్చిన ముక్క మళ్లీ పెరగొచ్చు, కొందరికి తర్వాత ఇంకో ఆపరేషన్ పడొచ్చు. అందరు సర్జన్లూ చేయరు. ఒకటి ఎంచుకుంటే ఇంకోటి వదులుకోవాల్సిందే. ఏది మీకు ముఖ్యమో కూర్చుని మాట్లాడుకోవాలి.

ఆపరేషన్‌కి ముందు ఏయే టీకాలు వేయించాలి?

న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ అనే మూడు బ్యాక్టీరియాల టీకాలు. ఈ మూడూ ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందు పూర్తి కావాలి. ప్లీహం ఉండగానే ఒంట్లో రక్షణ బాగా తయారవుతుంది. అత్యవసరంగా తీయాల్సి వస్తే రెండు వారాలు ఆగి వేస్తాం. ఏడాదికోసారి ఫ్లూ టీకా, మన దగ్గర టైఫాయిడ్ టీకా కూడా వేయించుకోవడం మంచిది.

"అన్నీ అంగన్‌వాడీలో వేయించాం డాక్టరుగారూ" అంటారు. కార్డు తీసుకురండి, చూద్దాం. హిబ్ పెంటావేలెంట్ టీకాలో ఉంటుంది. న్యూమోకాకస్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021కి దేశమంతా ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. కాబట్టి అంతకుముందు పుట్టిన పిల్లలకి పడి ఉండకపోవచ్చు. పడినవాళ్లకి కూడా 23 రకాల న్యూమోకాకస్ టీకా, మెనింగోకాకస్ టీకా విడిగా కావాలి, కొన్నేళ్లకి బూస్టర్లూ ఉంటాయి. తేదీలు గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. ఫోన్లు మారిపోతాయి.

మత్తు ఇచ్చే ముందు ఇంకేం జాగ్రత్తలు?

సికిల్ సెల్ బిడ్డకి హిమోగ్లోబిన్ 10 దగ్గరికి తెచ్చుకుని మొదలుపెడతాం. చలి తగలకూడదు, ఒంట్లో నీరు తగ్గకూడదు, ఆక్సిజన్ పడిపోకూడదు. ఈ మూడింట్లో ఏది జరిగినా కణాలు కొడవళ్లవుతాయి. ఖాళీ కడుపుతో ఉంచే గంటల్లో సెలైన్ పెట్టించమని గట్టిగా అడగండి. తలసీమియా బిడ్డకి గుండెలో ఐరన్ సంగతి తెలియాలి కాబట్టి ఎకో, అంటే గుండె స్కాన్, చేయిస్తాం. చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న పిల్లలకి సరిపోయే రక్తం దొరకడం కష్టమవుతుంది. బ్లడ్ బ్యాంకుకి నాలుగు రోజుల ముందే చెప్పి ఉంచాలి.

ఎన్నాళ్లు ఆసుపత్రిలో? బడికి ఎప్పుడు?

అంతా సవ్యంగా ఉంటే రెండు మూడు రోజులు. కడుపు కోసి చేస్తే ఐదు నుంచి వారం పడుతుంది. మొదటి రోజు ఎడమ భుజం నొప్పి అంటాడు. కడుపులో ఆపరేషన్ చేస్తే భుజం నొప్పి ఏమిటని కంగారుపడతారు. పొట్టలో నింపిన వాయువు, ప్లీహం ఉన్న చోటు రెండూ డయాఫ్రమ్‌ని గుచ్చుతాయి, దాని నొప్పి భుజంలో తెలుస్తుంది. ఒకట్రెండు రోజుల్లో పోతుంది.

సాయంత్రానికే మంచినీళ్లు, మర్నాడు ఇడ్లీ. పథ్యం పేరుతో నెల్లాళ్లు చారన్నమే పెట్టే అమ్మమ్మలకి నా విన్నపం: పప్పు, గుడ్డు, కూర, పెరుగు అన్నీ పెట్టండి. వారం పది రోజుల్లో బడికి. కబడ్డీ, సైకిల్ మీద ఫీట్లు నెల ఆగాక.

ప్లేట్‌లెట్లు 9 లక్షలు వచ్చాయి, కొత్త జబ్బా?

కాదు. ప్లీహం ప్లేట్‌లెట్లని కూడా పట్టి ఉంచేది. అది పోయాక మొదటి రెండు వారాల్లో సంఖ్య బాగా పెరుగుతుంది, పది లక్షలు కూడా దాటొచ్చు. మెల్లగా దిగుతుంది. అవసరమైతే డాక్టరు కొన్నాళ్లు ఆస్పిరిన్ ఇస్తారు, సొంతంగా వేయకండి.

అయితే ఇంటికి వెళ్లాక జ్వరం, కడుపునొప్పి, వాంతులు కలిసి వస్తే వెంటనే రావాలి. కాలేయానికి వెళ్లే సిరలో గడ్డ కట్టి ఉండొచ్చు. డాప్లర్ స్కాన్‌లో తెలుస్తుంది, తొందరగా పట్టుకుంటే మందులతో తగ్గుతుంది. తలసీమియా ఇంటర్మీడియా (మేజర్ కన్నా తక్కువ తీవ్రత ఉన్న రకం) ఉన్నవాళ్లకి ఏళ్ల తర్వాత కూడా గడ్డల ప్రమాదం, ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంటాయి. వాళ్లు ఏటా ఎకో చేయించుకోవాలి.

జ్వరం వస్తే ఏం చేయాలి?

మిగతావన్నీ మర్చిపోయినా ఈ జవాబు గుర్తుంచుకోండి.

101 డిగ్రీలు దాటితే, లేదా చలితో వణుకుతుంటే, మామూలుగా లేడనిపిస్తే, అది అత్యవసరం. ప్లీహం లేని బిడ్డలో న్యూమోకాకస్ లాంటి బ్యాక్టీరియా గంటల్లో రక్తమంతా పాకిపోతుంది. మధ్యాహ్నం జలుబులా మొదలై, రాత్రికి మగతలోకి జారి, తెల్లారేసరికి షాక్‌లో ఉండొచ్చు. "పారాసిటమాల్ వేద్దాం, రేపు చూద్దాం" అన్న మాట ఈ బిడ్డ విషయంలో పనికిరాదు. మీ డాక్టరు రాసిచ్చిన అత్యవసర యాంటీబయాటిక్ మొదటి డోసు ఇంట్లోనే ఇచ్చి బయల్దేరండి. ఇచ్చాం కదా అని ఆగిపోకండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పట్నంలో పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లినా మీ నోటి నుంచి రావాల్సిన మొదటి మాట: "మా బాబుకి ప్లీహం లేదు." జ్వరం ఎన్ని రోజులు, ఏం తిన్నాడు అన్నది తర్వాత. ఆ మాట రాసిన చీటీ లామినేట్ చేసి బడి సంచిలో పెట్టండి. క్లాస్ టీచర్‌కీ, హాస్టల్ వార్డెన్‌కీ చెప్పండి. హాస్టల్‌లో ఉండే పిల్లల గురించే నాకు ఎక్కువ భయం. అక్కడ జ్వరమొస్తే ఒక మాత్ర ఇచ్చి పడుకోబెట్టడం అలవాటు.

రోజూ వేసే పెన్సిలిన్ మాత్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చిన్నపిల్లలకి, ఆపరేషన్ తర్వాత కనీసం మొదటి కొన్నేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఇస్తాం. ఆరు నెలలు బాగానే వేస్తారు. బిడ్డ బొద్దుగా తయారై, చెంపలు ఎర్రబడ్డాక "ఇంకెందుకులే" అనిపిస్తుంది. ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్పాలి, బిడ్డ చెంపలు కాదు.

కుక్క కరిస్తే?

రేబిస్ టీకా అందరికీ గుర్తొస్తుంది. ప్లీహం లేనివాళ్లకి దాంతోపాటు యాంటీబయాటిక్ కూడా అదే రోజు కావాలి. కుక్క నోట్లో ఉండే ఒక బ్యాక్టీరియా వీళ్లలో ఉప్పెనలా చెలరేగుతుంది. చిన్న గీత అయినా సరే.

మలేరియా కూడా వీళ్లకి ముదురుతుంది. ఏజెన్సీలో ఉండేవాళ్లు దోమతెర లేకుండా పడుకోకూడదు, వెళ్లి వచ్చేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

పసరు మందు, చురకలు వేయిస్తే బల్ల కరిగిపోతుందంటున్నారు.

కడుపు మీద చురకల మచ్చలతో వచ్చిన బిడ్డల్ని చూశాను. కాలిన చోట చీము పట్టి, ఆపరేషన్ వాయిదా వేయాల్సి వచ్చింది. పుట్టుకతో వచ్చిన కణం ఆకారం చురకలతో మారదు. పెద్దవాళ్ల మాట తీసెయ్యలేక ఒప్పుకున్నామంటారు. వాళ్లని కూడా ఓపీకి తీసుకురండి, నేను మాట్లాడతాను.

ఆడపిల్ల. మచ్చ కనిపిస్తే పెళ్లికి ఇబ్బంది అవుతుందేమో?

అగ్గిపుల్ల తలకన్నా కొంచెం పెద్ద మచ్చలు మూడు నాలుగు, ఏళ్లు గడిస్తే వెతుక్కోవాలి. పిల్లలు పుట్టడానికీ అడ్డు కాదు. పెళ్లి విషయంలో అడగాల్సిన అసలు ప్రశ్న మచ్చ గురించి కాదు, రక్తం గురించి. ప్లీహం పోయినా జన్యువు ఉంటుంది. స్ఫిరోసైటోసిస్ చాలా కుటుంబాల్లో తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే సగం అవకాశంతో వస్తుంది. తలసీమియా, సికిల్ అలా కాదు. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు బయటపడకుండా దాని జన్యువు మోస్తున్నవాళ్లయితే, ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికం సంబంధాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. జాతకాలు చూపించుకునే రోజునే ఇద్దరికీ హెచ్‌పీఎల్‌సీ అనే హిమోగ్లోబిన్ రకాల పరీక్ష కూడా చేయిస్తే సరి.

ఖర్చు సంగతి?

ఆసుపత్రిని బట్టి చాలా మారుతుంది, అంకె చెప్పి మోసం చేయను. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే మొదట ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి, ముందస్తు అనుమతికి ఏ రిపోర్టులు కావాలో రాయించుకోండి. టీకాలు, రోజువారీ పెన్సిలిన్ ఆ లెక్కలో వస్తాయో లేదో కూడా అప్పుడే అడగండి. తలసీమియా, సికిల్ సెల్ జబ్బులు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి. సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు, చాలామందికి ఈ సంగతే తెలియదు.

తమ్ముడికీ అప్పుడప్పుడు కళ్లు పచ్చబడుతున్నాయి. వాడికీ ఇదేనా?

అయి ఉండొచ్చు. ఇద్దర్నీ కలిపి తీసుకురండి. మీ ఇద్దరి రక్తం కూడా చూస్తాం. చిన్నప్పుడు మీకో, మీ నాన్నగారికో పిత్తాశయం రాళ్ల ఆపరేషన్ అయిందేమో ఇంట్లో అడిగి తెలుసుకుని రండి.